‘దత్త’ను కాదన్న సీమ: ప్రాంతనామం, స్థానిక పత్రిక, ప్రజాభిప్రాయం

వ్యాససంగ్రహం:
1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించిన మండలాలను పాలకులు ఒక ఒప్పందం పేరుతో పిలిచారు. తెలుగులో అది ‘దత్త మండలాలు’ అయింది. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభ ఆ పేరును నిరాకరించి ‘రాయలసీమ’ను స్వీకరించింది. ఈ మార్పును ఒక సభ తీర్మానంగా, ఒక వ్యక్తి ఘనతగా చెప్పుకోవడం పరిపాటి. పాలకుల ఉత్తర్వు లేకుండానే ఆ పేరు నిలబడటానికి కారణం భాషాపరమైన వాదమూ, దానిని మోసిన స్థానిక పత్రికా కలిసి నిర్మించిన ప్రజాభిప్రాయమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ ప్రజాభిప్రాయానికి ఉన్న పరిమితులనూ, 2022 నాటి కోనసీమ వివాదంతో దానికి గల పోలికనూ, భేదాన్నీ పరిశీలిస్తుంది.

కీలకపదాలు: దత్త మండలాలు, రాయలసీమ, సాధన పత్రిక, చిలుకూరి నారాయణరావు, పప్పూరి రామాచార్యులు, ప్రాంతనామం, ప్రజాభిప్రాయం, కోనసీమ.

1. ప్రవేశిక:

రాయలసీమ నామకరణంపై మన పరిశోధకులలో చాలాకాలంగా నలిగిన ప్రశ్న ఒక్కటే: ఆ పేరు పెట్టినవారు ఎవరు? గాడిచర్ల హరిసర్వోత్తమరావు పెట్టారన్న అభిప్రాయం చాలాకాలం ప్రచారంలో ఉంది. నాటి పత్రికలను పరిశీలించిన మీదట ఆ పేరును ప్రతిపాదించినవారు చిలుకూరి నారాయణరావు అని తేలింది. ఈ నిర్ధారణ అవసరమైనదే. అయితే కర్తృత్వం తేలడంతోనే చర్చ ముగిసిపోయినట్లు భావించడం వల్ల అంతకంటె పెద్ద ప్రశ్న మరుగున పడింది.

పేర్లు ప్రతిపాదించేవారు ఎందరో ఉంటారు. ప్రతిపాదించిన ప్రతి పేరూ నిలవదు. ‘రాయలసీమ’ అన్న పేరును నాటి మద్రాసు ప్రభుత్వం శాసనం చేసి అమలు జరపలేదు. నేటికీ రాయలసీమ పేరుతో ఒక జిల్లా గాని, రాష్ట్రం గాని లేదు. అయినా 1928 తరువాత పదేళ్లు తిరగకుండానే అది రాజకీయ ఒడంబడికలలో చోటు చేసుకొంది. పాత పేరు పాఠ్యపుస్తకాలకు పరిమితమైంది. అధికార ముద్ర లేని ఒక పేరు అధికార ముద్ర ఉన్న పేరును ఎట్లా తొలగించగలిగింది? ఈ వ్యాసం ఆ ప్రశ్నను చేపడుతుంది.

2. ‘దత్త’: ఒక అనువాదపదం తెచ్చిన భారం:

1800 అక్టోబరు 12న నిజాం ఆలీఖాన్‌కూ ఈస్టిండియా కంపెనీకీ మధ్య సైన్య సహకార ఒప్పందం కుదిరింది. కంపెనీ సైన్యాన్ని తన రాజ్యంలో ఉంచుకొన్నందుకు అయ్యే ఖర్చు కింద నిజాం, మైసూరు యుద్ధాలలో తన వాటాగా దక్కిన భూభాగాలను కంపెనీకి అప్పగించాడు. ఆ సంవత్సరమే థామస్ మన్రో అక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 వరకు ఉన్నాడు. ఆంగ్ల కాగితాలలో ఆ ప్రాంతానికి ‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్’ అన్న పేరు స్థిరపడింది. అప్పటికే గండికోట సీమ, రేనాడు వంటి పేర్లు గల నేలకు ఇది ఒక కొత్త పేరు. కాబట్టి 1928లో జరిగింది పేరు మార్పు అనేకంటె, 1800 నాటి పేరు మార్పుకు ఆలస్యంగా వచ్చిన ప్రతిఘటన అనడం సమంజసం.

ఇక్కడ గమనించవలసింది అనువాదం. ‘సీడెడ్’ అన్న ఆంగ్లపదం దౌత్య పరిభాషకు చెందినది. ఒక రాజ్యం మరొక రాజ్యానికి భూమిని వదలుకొనడం దాని అర్థం. దానికి ‘అప్పగించిన’, ‘వదలుకొన్న’ అన్న తెలుగు మాటలు సరిపోయేవి. ఎంచుకొన్నది మాత్రం ‘దత్త’. సంస్కృతంలో ఇది ‘దా’ ధాతువు నుంచి ఏర్పడిన క్తప్రత్యయాంతం. ‘ఇవ్వబడిన’ అని అర్థం. వ్యాకరణ దృష్టితో అనువాదంలో దోషం లేదు. కాని తెలుగువాని చెవికి ‘దత్త’ అనగానే స్ఫురించేది ఒప్పందం కాదు, దత్తత, దత్తపుత్రుడు. ధర్మశాస్త్రాలు పేర్కొన్న పుత్రభేదాలలో ఔరసుని తరువాతనే దత్తకుని స్థానం. 19వ శతాబ్దంలో డల్హౌసీ దత్తత చెల్లదంటూ సంస్థానాలను కలుపుకొన్న తరువాత ఆ మాటకు రాజకీయమైన అభద్రత కూడా తోడయింది. ఆంగ్లంలో ఒక లావాదేవీని తెలిపే విశేషణం తెలుగులోకి వచ్చేసరికి బంధుత్వంలోని తక్కువ స్థానాన్ని తెలిపేదిగా మారింది.

పొరుగు పేరుతో పోల్చినప్పుడు ఈ భారం మరింత స్పష్టమవుతుంది. ఉత్తర సర్కారులు కూడా కంపెనీకి ఒకరు ఇవ్వగా వచ్చినవే. 1765 నాటి మొగలు ఫర్మానా, 1766లో నిజాంతో జరిగిన ఒప్పందం, 1788లో గుంటూరు స్వాధీనం ఆ క్రమంలోని ఘట్టాలు. ఆ లెక్కన అవీ దత్తములే. కాని వాటికి ‘సర్కారు’ అన్న పాత పరిపాలన విభాగం పేరే మిగిలింది. తెలుగు వాడుకలో సర్కారు అంటే ప్రభుత్వం. ఒకే విధంగా చేతులు మారిన రెండు తెలుగు ప్రాంతాలలో ఒకటి ప్రభుత్వాన్ని సూచించే పేరునూ, మరొకటి దానాన్ని సూచించే పేరునూ మోశాయి. విద్య, ఉద్యోగాలలో కోస్తాతో పోటీ పెరిగిన 1920లలో ఈ తేడా కేవలం శబ్దగతమైనదిగా మిగలలేదు.

పైగా ఆ పేరు భౌగోళికంగానూ సరిపోయేది కాదు. కర్నూలు నవాబు పాలన 1839 దాకా సాగింది. అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి నుంచి విడివడి ఏర్పడింది. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో కడప నుంచి వచ్చిన తాలూకాలతో పాటు, ఆ ఒప్పందంతో సంబంధం లేని ఉత్తర ఆర్కాటు భాగాలూ ఉన్నాయి. అంటే ‘దత్త’ అన్న పేరు చిత్తూరును కలుపుకోలేనిది.

3. స్థానిక పత్రిక స్థానం:

1920ల నాటికి తెలుగు పత్రికారంగం బలంగానే ఉంది. బందరు నుంచి 1902లో మొదలైన కృష్ణాపత్రిక, 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి 1914 నుంచి మద్రాసులో దినపత్రికగా వెలువడిన ఆంధ్రపత్రిక జాతీయోద్యమానికీ ఆంధ్రోద్యమానికీ వాహికలయ్యాయి. కాని వాటి కేంద్రాలు తీరంలోనూ మద్రాసులోనూ ఉన్నాయి. వాటిలో దత్త మండలాల సమస్య ఆంధ్రోద్యమంలోని ఒక అంశం మాత్రమే. 1926లో పప్పూరి రామాచార్యులు అనంతపురం నుంచి ప్రారంభించిన ‘సాధన’ ఆ దూరాన్ని తగ్గించింది. తనను గురించి తానే రాసుకొనే సౌకర్యం ఆ సీమకు కలిగింది.

అదే సంవత్సరం ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బెజవాడ కేంద్రంగా ఏర్పడింది. కేంద్రం ఎక్కడ ఉండాలన్న వివాదం చాలాకాలం సాగి చివరకు వాల్తేరు పక్షాన ముగిసింది. అనంతపురానికి ఆ అవకాశం దక్కలేదు. ఇటువంటి సందర్భంలో స్థానిక పత్రికకు రెండు పనులు పడతాయి. ఒకటి, జిల్లాలుగా విడివిడిగా ఉన్న పాఠకులకు తామంతా ఒక ప్రాంతమన్న స్పృహ కలిగించడం. రెండు, ఆ ప్రాంతాన్ని ఏ పేరుతో పిలుచుకోవాలో తేల్చుకోవడం. వారంవారం ఒక ప్రాంతాన్ని సంబోధించవలసిన పత్రికకు పేరు అనేది నిత్యావసరం. వక్తకు సభలో ఒకసారి పలికితే సరిపోతుంది. సంపాదకుడు ప్రతి సంచికలోనూ రాయాలి. ‘దత్త’ అన్న మాటలోని ఇబ్బంది అందరికంటె ముందు పత్రికకు ఎదురయ్యే ఇబ్బంది.

ఇక్కడ పరిశోధకులు ఒక జాగ్రత్త తీసుకోవాలి. రాయలసీమ నామకరణం గురించి మనకు లభించే సమకాలీన ఆధారాలలో ‘సాధన’ ముఖ్యమైనది. ఇటీవలి కాలంలో దాని పాత సంచికలు చదువుకొనే వీలు కలగడం వల్లనే కర్తృత్వ వివాదం తేలింది. అయితే ఆ పత్రిక సంపాదకుడు రామాచార్యులే నంద్యాల సభలో నామకరణ తీర్మానాన్ని ప్రవేశపెట్టిన వ్యక్తి కూడా. అంటే ‘సాధన’ ఆ ఘట్టానికి సాక్షి మాత్రమే కాదు, పాత్రధారి. దాని కథనం తప్పని దీని అర్థం కాదు. తటస్థ నివేదికగా కాక, ఒక అభిప్రాయాన్ని కూడగట్టే ప్రయత్నంలో భాగంగా దానిని చదవాలని మాత్రమే. స్థానిక పత్రికలను ఆధారాలుగా వాడే మన పరిశోధనలలో ఈ భేదం తరచుగా లోపిస్తోంది.

4. నంద్యాల ప్రతిపాదన, అందులోని భాషాశాస్త్రవేత్త:

1928 నవంబరు 17, 18 తేదీలలో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ సందర్భంగానే కడప కోటిరెడ్డి అధ్యక్షతన దత్త మండలాల సభ సమావేశమైంది. పేరు మార్చాలన్న చర్చలో చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ను సూచించగా సభ ఆమోదించింది.

చిలుకూరి ఉత్తరాంధ్రకు చెందినవారు, వ్యావహారిక భాషావాది, తరువాత 1937లో ‘ఆంధ్రభాషా చరిత్రము’ వెలువరించిన పండితుడు. ఆనాడు అనంతపురంలో ఆయన అధ్యాపకులుగా ఉన్న కళాశాల పేరు దత్తమండల కళాశాల. ఆ సీమలో పుట్టని వ్యక్తి, ఆ పేరు గల సంస్థలో పాఠం చెబుతూ, ఆ పేరును ప్రశ్నించారు. వేరే ప్రాంతంవారు కావడం ఇక్కడ లోపం కాలేదు. అలవాటుపడిన చెవికి వినిపించని అవమానం కొత్తగా వచ్చిన పండితుని చెవికి వినిపించి ఉంటుందని ఊహించడం అసంగతం కాదు.

చిలుకూరి ఈ విషయంపై గేయం కూడా రచించారు. అందులో సీమే ఉత్తమపురుషలో మాట్లాడుతుంది. తనను దత్త అనడాన్ని నిలదీస్తుంది. దాని కావ్యగుణంపై భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. ఈ వ్యాసానికి ముఖ్యమైనది దాని వాదక్రమం. ఆ పేరు అందంగా లేదనో, విదేశీయమైనదనో గేయం అనదు. ఇచ్చే హక్కు ఎవరికి ఉందన్న ప్రశ్న వేస్తుంది. నిజాం గాని, కంపెనీ గాని ఆ నేలకు సొంతదారులు కారన్న తర్వాత ‘దత్త’ అన్న మాటకు ఆధారమే ఉండదు. ఒక పరిపాలనా పదాన్ని న్యాయాన్యాయాల ప్రశ్నగా మార్చడం ఈ గేయం చేసిన పని. ప్రజాభిప్రాయం కదలడానికి ఇది అవసరం. దశాబ్దాలుగా వాడుతున్న మాటను జనం మానుకోవాలంటే, అందులోని అర్థం వారికి మొదట కొత్తగా వినిపించాలి.

5. ‘రాయల’, ‘సీమ’: పదాల ఎంపిక:

నిరాకరణ ఒక్కటే సరిపోదు. దాని స్థానంలో పెట్టే పేరు వాడుకలో ఇమడాలి. ‘రాయలు’ అన్న మాటను నేడు శ్రీకృష్ణదేవరాయలకే పరిమితం చేస్తున్నాం. నిజానికి అది విజయనగర పాలకులందరికీ వర్తించే బిరుదు. పెనుగొండ, చంద్రగిరి వారి తరువాతి రాజధానులు కావడం వల్ల అనంతపురం, చిత్తూరు జిల్లాలు రెండూ ఈ పేరులో తమ చోటు చూసుకోగలిగాయి. ‘దత్త’ కలుపుకోలేని చిత్తూరును ‘రాయల’ కలుపుకొంది. బళ్ళారిలోని కన్నడిగులకు కూడా అది పరాయి పేరు కాదు.

‘సీమ’ ఎంపిక ఇంకా ఆలోచింపదగినది. విజయనగర కాలపు శాసనాలలో సీమ ఒక పరిపాలన విభాగం. జనం నోట అది పలనాటి సీమ, కోనసీమ వంటి పేర్లలో బతికింది. అదే సమయంలో 19, 20వ శతాబ్దాల తెలుగులో ‘సీమ’కు ఇంగ్లండు అన్న అర్థం కూడా ఉంది. సీమదొర, సీమసరుకు అన్న మాటలు ఆ అర్థంలోనివే. పాలకుల దేశాన్ని సూచించేదాకా పోయిన పదం మళ్లీ సొంత నేల పేరుగా తిరిగి వచ్చింది. ‘మండలం’ స్థానంలో ‘సీమ’ రావడం కూడా గుర్తింపదగినది. నాటి వాడుకలో మండలం అంటే జిల్లా, పాలకులు గీసిన హద్దు. సీమ అంటే జనం ఎరిగిన నేల. పేరులోని రెండు భాగాలూ మారాయి.

6. తీర్మానం నుంచి వాడుకకు:

ఈ పేరు నిలబడిందనడానికి బలమైన నిదర్శనం 1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడిక. మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు నివాసంలో కుదిరిన ఆ ఒప్పందంలో వాల్తేరు, అనంతపురాలలో విశ్వవిద్యాలయ కేంద్రాలు, నీటిపారుదలలో రాయలసీమకూ నెల్లూరుకూ ప్రాధాన్యం, శాసనసభ స్థానాలు, రాజధాని, హైకోర్టు వంటి అంశాలు ఉన్నాయి. తొమ్మిదేళ్ల కిందట సభలో ప్రతిపాదించిన పేరు అక్కడ ఒక పక్షం పేరు అయింది. ‘దత్త’ అన్న పేరుతో ఒక ప్రాంతం హక్కులు అడగడం కష్టం. ఆ మాటలోనే ఎవరో ఇవ్వడం, మరెవరో పుచ్చుకోవడం ఉన్నాయి. ‘రాయలసీమ’ అడిగే స్థానంలో నిలబడగలిగింది.

1800 నాటి పేరు గజెట్ల ద్వారా వచ్చింది. 1928 నాటి పేరు వారపత్రికలు, సభలు, ఉత్తరాలు, ఉపన్యాసాల ద్వారా వ్యాపించింది. దానిని వాడమని ఎవరూ ఎవరినీ నిర్బంధించలేకపోయారు. వాడిన ప్రతివాడూ ఇష్టపడే వాడాడు. తీర్మానం సమ్మతిని ప్రకటించింది. పత్రిక ఆ సమ్మతిని అలవాటుగా మార్చింది.

7. ఆ ప్రజాభిప్రాయం ఎవరిది?

ఇంతవరకు చెప్పినదానిని విజయగాథగా ముగించడం సులభం. విమర్శ అక్కడ ఆగకూడదు. నంద్యాల సభలో కూర్చున్నవారు ప్రధానంగా న్యాయవాదులు, అధ్యాపకులు, సంపాదకులు, రాజకీయ నాయకులు. వారపత్రిక చదివినవారు అక్షరాస్యులు. 1876-78 నాటి ధాత కరువులో చెల్లాచెదరైన కుటుంబాల వారసులను, ఆ నేలను దున్నిన కూలీలను పేరు గురించి ఎవరూ అడిగిన దాఖలా లేదు. ‘ప్రజాభిప్రాయం’ అన్న మాటను 1928కి వర్తింపజేసినప్పుడు ఈ హద్దును చెప్పుకోవాలి.

ఎంచుకొన్న స్మృతి కూడా రాజుల స్మృతి. తొలి తెలుగు శాసనాలు వెలసిన రేనాడు, వేమన తత్త్వం, పోతులూరి వీరబ్రహ్మం బోధ ఆ నేలవే. వాటిలో ఏదీ పేరు కాలేదు. వైభవం పేరుగా మారడంతో వర్తమానపు కరువు ఆ వైభవానికి వ్యతిరేకంగా కనిపించింది. రతనాల సీమ రాళ్లసీమ అయిందన్న వాక్యం అప్పటినుంచి ఉపన్యాసాలలో అరిగిపోయింది. గతాన్ని తలచుకొనే ఈ పద్ధతి కరువుకు గల భూస్వామ్య, నీటిపారుదల కారణాలను కొంత మరుగుపరచింది.

చరిత్ర మరొక విపర్యాసాన్ని జోడించింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు రాగా బళ్ళారి మైసూరుకు వెళ్లింది. దానితో హంపీ కూడా వెళ్లింది. రాయల పేరు మోసే సీమలో రాయల తొలి రాజధాని లేదు. అయినా పేరు చెక్కుచెదరలేదు. అప్పటికి ఆ పేరు ఒక నగరంపై గాక వాడుకపై నిలిచిందనడానికి ఇదొక నిదర్శనం.

8. కోనసీమ: మరొక కాలం, మరొక మాధ్యమం:

పేరు మార్పును ఎదిరించే ప్రజాభిప్రాయం ఎల్లప్పుడూ ఒకే స్వభావం గలది కాదని చూపడానికి సమీప గతంలోని ఒక ఉదాహరణ అవసరం. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టాలన్న కోరికలు వచ్చిన మీదట మే 18న ప్రభుత్వం ‘డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా’గా మార్చే ప్రాథమిక ప్రకటన వెలువరించి, అభ్యంతరాలకు 30 రోజుల గడువు ఇచ్చింది. మే 24న అమలాపురంలో నిరసన హింసగా మారింది; ఒక మంత్రి, ఒక శాసనసభ్యుని ఇళ్లు తగులబడ్డాయి; అంతర్జాల సేవలు నిలిచిపోయాయి. జూన్ 24న మంత్రివర్గం కొత్త పేరును ఆమోదించింది.

పైకి చూస్తే రెండు ఘట్టాలూ ఒకటే: పాలకులు పెట్టిన పేరు, ప్రాంతీయుల నిరసన, మాధ్యమాల ద్వారా కూడగట్టిన అభిప్రాయం. లోపలి భేదాలు రెండు. మొదటిది పేరుకు సంబంధించినది. 1800లో పెట్టిన పేరు జనం పిలుచుకొనే పాత పేర్లను పక్కకు నెట్టింది. 2022లో ‘కోనసీమ’ అన్న మాట కొత్త పేరులో యథాతథంగా ఉంది. దానికి ముందు అంబేద్కర్ పేరు చేరింది. పోయే పేరు ఏదీ లేనప్పుడు ‘పేరును కాపాడుకుందాం’ అన్న నినాదం దేనిని కాపాడుతోందన్న ప్రశ్న వేయక తప్పదు. నిరసనకారులందరి ఉద్దేశమూ ఒకటేనని అనలేం. కాని ప్రాంతాభిమానపు భాష ఇక్కడ కులప్రశ్నకు ముసుగయిందన్న విమర్శను ఆ నినాదపు నిర్మాణమే బలపరుస్తుంది. ‘దత్త’ను కాదన్నవారు అధికారం చేసిన అవమానాన్ని కాదన్నారు, అమలాపురంలో తిరస్కరణకు గురైనది అవమానాలకు ఎదురొడ్డిన వ్యక్తి పేరు.

రెండవ భేదం మాధ్యమానిది. వారపత్రిక రాసేవాని పేరును, అచ్చు వేసిన చోటును ప్రకటిస్తుంది. దానికి జవాబు వచ్చే వారం వస్తుంది. ఈ వ్యవధిలో వాదం పదును దేలుతుంది. ప్రత్యామ్నాయం కోసం వెదకవలసి వస్తుంది. చేతి ఫోనులో తిరిగే సందేశానికి రచయిత ఉండడు, సంపాదకుడు ఉండడు, వ్యవధి ఉండదు. చట్టం ఇచ్చిన 30 రోజులు అభిప్రాయాలు రాయడానికి ఉద్దేశించినవి. ఆరు రోజులకే వీధి ఆ పనిని తన చేతిలోకి తీసుకొంది. 1928లో జవాబుదారీ గల మాధ్యమం పరిమిత వర్గాన్ని కదిలించింది. 2022లో జవాబుదారీ లేని మాధ్యమం విస్తృత వర్గాన్ని కదిలించింది. మొదటిదానిని ఆదర్శీకరించడం గాని, రెండవదానిని కేవలం సాంకేతికత దోషంగా చూడడం గాని సరికాదు. వ్యాప్తి, జవాబుదారీ రెండూ గల స్థానిక మాధ్యమం ఆ రెండు సందర్భాలలోనూ లేదు.

9. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• ‘దత్త మండలాలు’ అన్నదే ఒక పేరు మార్పు. దానిలోని అవమానం ఆంగ్లమూలంలో కంటె తెలుగు అనువాదంలో ఎక్కువగా ఉంది.

• ‘రాయలసీమ’ నిలవడానికి కారణం తీర్మానం ఒక్కటే కాదు. పాత పదాన్ని ప్రశ్నార్థకం చేసిన సాహిత్యం, కొత్త పదాన్ని నిత్యం వాడిన స్థానిక పత్రిక, జనవాడుకలో ముందే ఉన్న ‘సీమ’ శబ్దం కలిసి పనిచేశాయి.

• ‘సాధన’ ఈ చరిత్రకు ఆధారమే గాక పాత్రధారి కూడా. స్థానిక పత్రికలను ఈ రెండు దృష్టులతోనూ చదవాలి.

• పేరు మార్పును ఎదిరించడం స్వతహాగా ప్రగతిశీలమూ కాదు, తిరోగమనమూ కాదు. ఏ పేరును, ఎవరు, ఎవరిని ఉద్దేశించి కాదంటున్నారన్నదే కొలమానం.

పేర్లు గెలిచిన తరువాత కూడా అర్థాలు మారుతూనే ఉంటాయి. 1990ల చివరినుంచి వచ్చిన ముఠాకక్షల చలనచిత్రాలు ‘సీమ’ అన్న మాటకు కత్తి, బాంబు అన్న అర్థాలు అంటగట్టాయి. ‘దత్త’ అన్న మాటలోని అవమానాన్ని గుర్తించడానికి 128 ఏళ్లు పట్టింది. ‘సీమ’పై తాజాగా చేరిన ఈ భారాన్ని గుర్తించి చర్చకు పెట్టవలసిన పని నేటి స్థానిక పత్రికలదీ, ఆ ప్రాంతపు కథకులదీ, తరగతి గదిలో ఆ పాఠం చెప్పే మనదీ.